టీవీ వంటకి మూడో రోజు ఉండదు

వంట ప్రోగ్రాములు ఇష్టంగా చూసేవాళ్ల మీద పడే సెటైర్లు దాదాపు అన్ని ఇళ్లలో ఒకటే. "చూసేది మాస్టర్‌షెఫ్, చేసేది చారు" అనేది ఒకటి. "అక్కడెవరో వండుకుంటుంటే నీకిక్కడ నోరూరడమేంటే?" అనేది రెండోది. మొదటిదాన్ని వదిలేద్దాం, రెండోది మాత్రం నిజంగా మంచి ప్రశ్న. పాటల ప్రోగ్రాం చూస్తే పాట విన్నట్టే. క్రికెట్ పెట్టుకుంటే మ్యాచ్ చూసినట్టే. వంట చూస్తే మాత్రం తిన్నట్టు కాదు. టీవీ పంపేది బొమ్మ, చప్పుడు, అంతే. వాసన రాదు, రుచి రాదు, వేడి తగలదు. తిండిలో అసలు సరుకంతా తీసేసి మిగిలింది పంపిస్తుంటే, దానికి విడిగా చానళ్లు పెట్టేంత గిరాకీ ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఇక్కడ చిక్కేంటంటే, "వంట ప్రోగ్రాం" అని అన్నిటికీ ఒకే పేరు పెట్టేశాం గానీ పాఠం చెప్పేది వేరు, పోటీ పెట్టేది వేరు, ఊళ్లు తిప్పేది వేరు, ఏమీ చేయకుండా ఊరికే మన పక్కన కూర్చునేది వేరు. చూసేవాళ్లు కూడా ఒక్కోదాన్ని ఒక్కో అవసరం కోసం చూస్తారు. అన్నీ కలిపేసి "వీళ్లు చూస్తారే గానీ వండరు" అంటే ఏ సంగతీ తేలదు.

పాఠంతో మొదలుపెడదాం, ఎందుకంటే టీవీ పుట్టిన కొత్తల్లోనే అదీ పుట్టింది. 1937లోనే బీబీసీలో మార్సెల్ బులెస్టాన్ అనే ఫ్రెంచాయన ఆమ్లెట్ వేసి చూపించాడు. కానీ ఈ తరహాకి ఒక రూపం తెచ్చింది అమెరికాలో జూలియా చైల్డ్. 1963లో బోస్టన్‌లోని పబ్లిక్ టీవీ స్టేషన్‌లో ఆవిడ ఫ్రెంచి వంటల ప్రోగ్రాం మొదలయ్యేసరికి ఆవిడకి యాభై ఏళ్లు. ఆరడుగులు దాటిన మనిషి, ఒకసారి వింటే మర్చిపోలేని గొంతు. ప్రోగ్రాంని దాదాపు ఎక్కడా ఆపకుండా ఒకే బిగిన రికార్డు చేసేవారు కాబట్టి పొరపాట్లు కూడా అలాగే ఉండిపోయాయి. ఒకసారి బంగాళాదుంపల అట్టుని పెనం మీద ఎగరేసి తిప్పబోతే కొంత ముక్క పొయ్యి మీద పడింది. ఆవిడ చేత్తో ఏరి మళ్లీ పెనంలో వేసేసి, వంటింట్లో మీరొక్కరే ఉన్నప్పుడు ఎవరు చూడొచ్చారు అన్నట్టు మాట్లాడేసింది. తర్వాత జనం నోళ్లలో పడి ఆ అట్టు కాస్తా కోడి అయింది, పొయ్యి కాస్తా నేల అయింది. కోడి నేల మీద పడ్డ ఎపిసోడ్ అసలు లేనేలేదు, అయినా ఆ కథ ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. ఆ ప్రోగ్రాం 1970 దాకా నలుపు తెలుపుల్లోనే నడిచింది. మాంసం ఎర్రగా వేగిందో మాడిందో కూడా ఆవిడ నోటితో చెబితేనే తెలియాలి. రుచి లేదు, వాసన లేదు, చివరికి రంగు కూడా లేదు, అయినా జనం ఎగబడి చూశారు. అంటే మనం టీవీ తిండిని మన నాలుకతో కాదు, ఎదుటి మనిషి మీద నమ్మకంతో తింటున్నాం అన్నమాట. ఆ మనిషి మొహం అబద్ధం చెబుతోందని అనిపించిన క్షణం ప్రోగ్రాం పోయినట్టే.

మన దేశంలో ఆ నమ్మకం సంపాదించిన మొదటి పెద్ద పేరు సంజీవ్ కపూర్. 1993లో జీ టీవీలో మొదలైన ఆయన ప్రోగ్రాంకి ముందు "శ్రీమాన్ బావర్చీ" అనే పేరు అనుకున్నారట, దర్శకుడు హన్సల్ మెహతా దాన్ని "ఖానా ఖజానా"గా మార్చాడు. మంచిపనే చేశాడు. హిందీ సగం అర్థమయ్యీ కాకపోయినా తెలుగిళ్లలో కూడా దాన్ని చూసినవాళ్లున్నారు. హోటల్ షెఫ్ అయిన ఒక మగవాడు చిరునవ్వుతో, ఎవరినీ తక్కువ చేయకుండా, ఇంట్లో దొరికే గిన్నెల్లోనే చేసి చూపించడం అప్పటికి కొత్త.

మన తెలుగు చానళ్లు దాన్ని ఇంకో దారి పట్టించాయి. మధ్యాహ్నం వేళ, యాంకరు పక్కన షెఫ్‌కి బదులు ఒక గృహిణి ఉంటారు. పట్టుచీర, గ్రానైటు గట్టు, చిన్నచిన్న గాజు గిన్నెల్లో వరసగా పెట్టిన ధనియాల పొడి, గరం మసాలా, అల్లంవెల్లుల్లి ముద్ద. ముందు కావలసిన పదార్థాలు చదువుతారు, ఇక్కడ మనం పెన్ను కోసం వెతుక్కునేలోపు జీడిపప్పు దగ్గరికి వెళ్లిపోతారు. వండుతూ మీవారికి ఏం ఇష్టం, పిల్లలు ఏం చదువుతున్నారు అని కబుర్లు. కొలతల దగ్గరకొచ్చేసరికి "ఉప్పు తగినంత, కారం సరిపడా". తగినంత అంటే ఎంతో తెలియనివాళ్లకి ఆ ప్రోగ్రాం వల్ల ఉపయోగం లేదు, తెలిసినవాళ్లకి అవసరం లేదు. కానీ దాన్ని ఎవరూ వంట నేర్చుకోవడానికి చూడలేదు కదా. భోజనాలై, అంట్లు సర్దేసి కూర్చున్నాక ఇంకో ఇంటివాళ్లు ఎలా వండుకుంటారో చూడటం, అందులో తప్పులు పట్టడం ("అయ్యో, వంకాయలో టమాటా ఎందుకు?") అదొక సరదా. ఆ సరదాకి గిరాకీ ఎంతుందంటే 2015లో ఈటీవీ వాళ్లు అభిరుచి పేరుతో ఏకంగా ఒక చానలే పెట్టారు.

ఇక టీవీ ఆడే ఆట గురించి. వాసనా రుచీ లేని లోటుని అది కంటితోనూ చెవితోనూ పూడుస్తుంది. తాలింపు సీను గమనించండి. నూనె కాగడం, ఆవాలు చిటపటమనడం, కరివేపాకు పడగానే చుయ్యిమని లేవడం, ఈ చప్పుళ్లని మైకు బాగా దగ్గరగా పెట్టి పట్టుకుంటారు, ఒక్కోసారి విడిగా రికార్డు చేసి తర్వాత కలుపుతారు. మన వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను, కుక్కరు విజిలు, పక్కింటి మిక్సీ మధ్యలో ఆ చుయ్యి ఎప్పుడూ అంత శుభ్రంగా వినబడదు. లైటు సంగతీ అంతే. వెనక నుంచో పక్క నుంచో వేస్తారు, అప్పుడే ఆవిరి కనబడుతుంది, పైకి తేలిన నూనె మెరుస్తుంది. అదే కూరని ఎదురుగా ట్యూబులైటు పెట్టి చూపిస్తే ఆసుపత్రి క్యాంటీన్ కూరలా ఉంటుంది. ఇక "ఇదిగో, ముందే ఉడికించి పెట్టుకున్నాం" అనే మాట ఉంది చూశారూ, దాని వెనక ఒకే కూర వేరువేరు దశల్లో వేరువేరు గిన్నెల్లో సిద్ధంగా ఉంటుంది.

ఇదంతా మోసం అని నేననను. గంటసేపు ఉడికేదాన్ని గంటసేపు చూపిస్తే ఎవరు చూస్తారు? అసలు సమస్యేంటంటే, ఈ పద్ధతికి లొంగే వంటలు కొన్నే ఉన్నాయి.

ఆవకాయ తీసుకోండి. కాయ టెంకతో సహా ముక్కలు కొట్టించి, జీడి తీసి, తడి లేకుండా తుడిచి, ఆవపిండి, కారం, ఉప్పు, మెంతులు, నూనె వేసి కలిపి జాడీకెత్తి వాసెన కడతాం. అప్పటికి అది ఇంకా ఆవకాయ కాదు. ముక్క ఊట వదలాలి, పిండి దాన్ని పీల్చుకోవాలి. మూడో రోజు తీసి తిరగకలిపి, ఉప్పు చూసుకుని, నూనె పైకి తేలేలా ఇంకాస్త పోస్తేనే నిలవకి పనికొస్తుంది. మన ఇళ్లలో ఆ మూడో రోజుకి చాలా విలువ. టీవీలో ఏం జరుగుతుంది? కలిపిన ఐదో నిమిషానికి వేడివేడి అన్నం వస్తుంది, యాంకరు ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుని "ఆహా, సూపర్" అంటుంది. ఆ నిమిషంలో అది పచ్చి మామిడికాయ, పచ్చి ఆవపిండి, పచ్చి కారం. కళ్లు మూసుకోవడం మాత్రం నిజమే అయ్యుండాలి, మంటకి.

చేపల పులుసుదీ అదే గొడవ. గరిటె పెడితే ముక్క విరుగుతుందని దాకని గుడ్డతో పట్టుకుని తిప్పుతారు, మరిగిన పులుసు ఆ రాత్రంతా ముక్కలోకి ఇంకాలి, నెల్లూరువాళ్లనే కాదు ఎవరినడిగినా మర్నాటి పులుసే పులుసంటారు. చల్లమిరపకాయలు, వడియాలు, ఊరబెట్టిన గోంగూర, పులిసిన అట్లపిండి, మన వంటలో సగం పనిని కాలం చేస్తుంది, మనిషి ఆ పక్కన కాపలా ఉంటాడు. కెమెరాకి కాపలా కాసే ఓపిక లేదు. దానికి మంట కావాలి, చుయ్యిమనాలి, చీజు సాగాలి. అందుకే టీవీ ఇష్టపడే తిండికీ నాలుక ఇష్టపడే తిండికీ మధ్య మెల్లగా దూరం పెరిగింది. తోటకూర పులుసు, పప్పుచారు, వంకాయ పచ్చడి ఇవన్నీ తెర మీద ఏదో గోధుమరంగు ముద్దల్లా కనబడతాయి కాబట్టి వాటి మీద కొత్తిమీర, వేయించిన జీడిపప్పు, పైనుంచి వెన్న పడతాయి. అవసరం ఉండి కాదు, బొమ్మ కోసం.

పోటీ ప్రోగ్రాముల్లో ఈ తేడా ఇంకా బయటపడుతుంది. 1993లో జపాన్‌లో ఫుజీ టీవీ ఐరన్ షెఫ్ మొదలుపెట్టి వంటని కుస్తీపట్ల స్థాయికి తీసుకెళ్లింది. అప్పటికప్పుడు తెర తీసి చూపించే ఒక రహస్య పదార్థం, ఒక గంట టైము, పక్కన కామెంటరీ. 2009లో మొదలైన మాస్టర్‌షెఫ్ ఆస్ట్రేలియా మన దేశంలో స్టార్ వరల్డ్‌లో వస్తే, ఒక్క ఆస్ట్రేలియన్ వంటకం కూడా తినని ఇళ్లలో సైతం దానికి అభిమానులు పుట్టుకొచ్చారు. దానికి కారణం తిండి అని నేననుకోను. జడ్జీలు అరవరు, ఓడినవాళ్లని కౌగిలించుకుని పంపిస్తారు, గడియారం పరుగెడుతుంటే మనకి ఇక్కడ టెన్షన్. ఎంసెట్, ఐఐటీ ర్యాంకుల మధ్య పెరిగిన జనానికి, ఓడినవాడిని కూడా ఇంత మర్యాదగా సాగనంపే పరీక్ష ఒకటుంటుందని తెలియడమే వింత. ఇంకో విషయం, ఇలాంటి పోటీల్లో ప్లేట్లన్నీ వరసగా షూట్ చేసేసరికి అవి చల్లారిపోతాయి కాబట్టి జడ్జీలు చాలావరకు వండుతున్నప్పుడే పొయ్యి దగ్గరకెళ్లి రుచి చూసేస్తారు. మనం ఊపిరి బిగబట్టి చూసే ఆ చివరి చెంచా చాలాసార్లు లాంఛనమే.

2021లో జెమినీ టీవీలో తమన్నా యాంకరుగా మాస్టర్‌షెఫ్ తెలుగులోకీ వచ్చింది. అప్పుడు నాకు కొట్టొచ్చినట్టు కనబడింది ప్లేటింగు. పాశ్చాత్యుల పద్ధతిలో వంట ప్లేటులో సర్దడంతో ముగుస్తుంది, ఇక తినేవాడు చేయాల్సింది కోసుకోవడం, నమలడం. మనకి అక్కడే సగం పని మొదలవుతుంది. పప్పు, అన్నం, నెయ్యి, ఆవకాయ ముక్క, వీటిని ఎంత ఎంత కలుపుకోవాలో, ముద్ద ఎంత మెత్తగా ఉండాలో, నడుమ వడియం ఎప్పుడు కొరకాలో తినేవాడి చెయ్యి నిర్ణయిస్తుంది. ఒకే విస్తరి ముందు కూర్చున్న ఇద్దరు తినే రుచి ఒకటి కాదు. దాన్ని తెల్ల ప్లేటు మధ్యలో గిన్నెతో అచ్చు కొట్టి, పక్కన మూడు చుక్కలు పచ్చడి పెట్టి జడ్జీకిస్తే ఆయన దేనికి మార్కులేస్తాడు? ఎవరూ తప్పు చేయడంలేదు, అచ్చు మనది కాదు, అంతే.

ఊళ్లు తిరిగే ప్రోగ్రాములే నాకు అన్నిటికన్నా ఇష్టం, కాబట్టి వాటి మీద కాస్త పక్షపాతం ఉంటే సర్దుకోండి. బ్రిటన్‌లో 1980ల మధ్యలో కీత్ ఫ్లాయిడ్ అనే ఆయన వంటని స్టూడియోలోంచి రేవుల్లోకి, పడవల మీదికి ఈడ్చుకొచ్చాడు. ఒక చేతిలో వైన్ గ్లాసు, రెండో చేతిలో పెనం, మధ్యలో కెమెరామన్‌ని గిన్నెలోకి చూడమని గదమాయింపు. ఆ తర్వాత న్యూయార్క్ వంటవాడు ఆంథొనీ బోర్డెయిన్ వచ్చాడు. 2006లో లెబనాన్ తిండి చూపిద్దామని బీరుట్ వెళ్తే అక్కడ యుద్ధం మొదలైంది, టీమంతా హోటల్లో ఇరుక్కుపోయింది, చివరికి ప్రసారమైన ఎపిసోడ్‌లో తిండి కన్నా ఆ ఎదురుచూపే ఎక్కువ. 2016లో వియత్నాం రాజధాని హనోయ్‌లో ఒక మామూలు హోటల్లో ప్లాస్టిక్ స్టూళ్ల మీద కూర్చుని అప్పటి అమెరికా అధ్యక్షుడు ఒబామాతో కలిసి బున్ చా (కాల్చిన పంది మాంసం, సన్న బియ్యపు సేమ్యా) తిన్నాడు. ఇద్దరికీ కలిపి బిల్లు 6 డాలర్లు. ఆ బల్లని హోటలువాళ్లు తర్వాత అద్దాల పెట్టెలో పెట్టేశారు. బోర్డెయిన్ రుచి గురించి పెద్దగా వర్ణించడు, ఆ గిన్నె చుట్టూ ఉన్న మనుషులని అడుగుతాడు: మీ నాన్న ఏం చేసేవాడు, యుద్ధంలో ఎక్కడున్నారు, ఇప్పుడు ఎలా నడుస్తోంది. ఇంతకుముందు చెప్పిన కాలం సమస్యకి నేను చూసిన మంచి జవాబు ఇదే. పులుసు ఊరేదాకా కెమెరా ఆగలేదు, కానీ పులుసు పెట్టిన మనిషి జీవితాన్ని అడిగి తెలుసుకోగలదు.

మన దగ్గర ఎన్‌డీటీవీ గుడ్ టైమ్స్‌లో రాకీ, మయూర్ ధాబాలు తిరిగిన "హైవే ఆన్ మై ప్లేట్" దారి చూపించింది, ఇప్పుడా పని యూట్యూబ్‌లో ప్రతి జిల్లాకీ ఒకరు చేస్తున్నారు. మంచే జరిగింది చాలావరకు. కానీ ఇక్కడ కూడా కెమెరా ఇష్టాయిష్టాలు పనిచేస్తాయి. అరకు బొంగు చికెన్ చూడండి, నిప్పుల్లోంచి తీసిన వెదురు బొంగుని చీల్చగానే పొగలు కక్కుతూ ముక్కలు బయటపడటం కెమెరా కోసమే పుట్టినట్టుంటుంది. ఆత్రేయపురం పూతరేకులు కూడా అంతే, బోర్లించిన కుండ మీద తడిగుడ్డ ఇలా లాగగానే కాగితంలాంటి రేకు లేస్తుంది (2023లో వీటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది). మరి కర్నూలు, అనంతపురం వైపు పొద్దున్నే బజ్జీతో తినే ఉగ్గాని? నానబెట్టిన బొరుగులు, చూడ్డానికి ఉప్మాకి అక్కలా ఉంటుంది. తెలంగాణ సర్వపిండి? గిన్నెకి ఒత్తిన పిండి, మూత పెడితే లోపల ఏం జరుగుతోందో కనబడదు. వీటికి బొంగు చికెన్‌కి వచ్చినన్ని వ్యూస్ రావు. ఒక ఊరికి ఒక వంటకం అంటగట్టడం, హైదరాబాద్ అంటే బిర్యానీ తప్ప మాట్లాడకపోవడం ఇక్కణ్ణుంచే వచ్చాయి.

ఈ ప్రోగ్రాములకి బజారుని కదిలించే శక్తి కూడా ఉంది. 1982లో బీబీసీలో మధుర్ జాఫ్రీ మన వంటలు నేర్పిస్తే, నిమ్మరసం, కొత్తిమీరతో ఆవిడ చేసిన చికెన్ చూసి మాంచెస్టర్‌లో కొత్తిమీర దొరకకుండా పోయిందని చెప్పుకుంటారు. మనకి అలాంటిదే చిన్న స్థాయిలో జరిగింది. షికాగోలో పనిచేసి వచ్చిన సంజయ్ తుమ్మ 2007లో వాహ్‌చెఫ్‌గా నెట్‌లో వీడియోలు మొదలుపెడితే, ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళ్లి, ఇంట్లో ఏనాడూ స్టవ్ వెలిగించని కుర్రాళ్లు చాలామంది ల్యాప్‌టాప్‌ని వంటగట్టు మీద పెట్టుకుని పప్పు నేర్చుకున్నారు. వీళ్లు చూసింది వండుకోవడానికే, "చూస్తారే గానీ వండరు" అనే మాట వీళ్లకి అతకదు.

ఇక నాలుగో రకం, ఊరికే పక్కన కూర్చునేది. దీన్లో తెలుగువాళ్లు ప్రపంచానికి ఇద్దరిని ఇచ్చారు. గుంటూరు జిల్లా గుడివాడ గ్రామం (కృష్ణా జిల్లా గుడివాడ కాదు) మస్తానమ్మ గారికి నూరేళ్లు దాటాయని చెప్పేవారు. 2016 నుంచి యూట్యూబ్ వీడియోల్లో పొలంలో కట్టెల పొయ్యి ముందు కూర్చుని, అల్లం పొట్టు గోటితో తీస్తూ, పుచ్చకాయ డొల్లలో చికెన్ వండుతుంటే తెలుగు ముక్క రానివాళ్లు కూడా లక్షల్లో చూశారు. 2018 డిసెంబరులో ఆవిడ పోయారు. తెలంగాణలో గ్రాండ్‌పా కిచెన్ నారాయణ రెడ్డి గారు పెద్ద కళాయిల్లో బర్గర్లూ బిర్యానీలూ చేసి అనాథ పిల్లలకి పెట్టేవారు, 2019 అక్టోబరులో కాలం చేశారు. ఈ వీడియోల్లో కొలతలు లేవు, తీర్పులు లేవు, తొందర అసలే లేదు. తిన్నవాళ్ల మొహాలు చూపిస్తారు, అయిపోతుంది. అర్ధరాత్రి ఎక్కడో అద్దెగదిలో ఒంటరిగా నూడుల్స్ తింటూ వీటిని చూసేవాళ్లకి కావలసింది వంట కాదని వేరే చెప్పక్కర్లేదు.

అమెరికా గురించి 2009లో ఒక లెక్క బాగా ప్రచారమైంది. అక్కడి సగటు మనిషి రోజుకి 27 నిమిషాలే వంటకి పెడుతున్నాడని, ఒక్క వంట ఎపిసోడ్ చూసే టైము కన్నా అది తక్కువని. ఆ వెక్కిరింతని మనవాళ్లు కూడా అరువు తెచ్చుకుని వాడతారు. ఇక్కడ కథ వేరు. 2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపనికి, అంటే వంట, అంట్లు, ఊడవడం అన్నీ కలిపి, ఆ పని చేసే ఆడవాళ్లు రోజుకి 289 నిమిషాలు పెడుతుంటే, చేసే మగవాళ్లు పెట్టేది 88. దాదాపు ఐదు గంటలు ఇంటి చాకిరీ చేసిన మనిషి సాయంత్రం ఇంకెవరో వండుతుంటే చూస్తోందంటే అది వంట మీద మోజు అనుకోవడానికి లేదు. కూరగాయలు తరిగి పెట్టుంటాయి, అంట్లు కనబడవు, చివర్లో ఎవరో ఒకరు తిని బాగుందంటారు. తన వంటింట్లో జరగనివన్నీ అక్కడ జరుగుతున్నాయి. మగవాళ్లు చూసేది ఎక్కువగా హోటళ్లు తిరిగేవీ, మంటలు లేచేవీ. ఇది నా చుట్టుపక్కల ఇళ్లలో చూసిన సంగతే, సర్వే ఏమీ చేయలేదు.

చూసినదాన్ని నిజంగా వండాలనుకునేవాళ్లకి రెండు మాటలు. ఉల్లిపాయలు ఐదు నిమిషాల్లో ఎర్రగా వేగుతాయని ఏ ప్రోగ్రాంలో చెప్పినా నమ్మకండి, నాలుగు పెద్ద ఉల్లిపాయలకి మామూలు గ్యాసు మీద ఇరవై నిమిషాలపైనే పడుతుంది. హోటల్ షెఫ్ చేసే ఫ్రైడ్ రైస్ మనకి తడితడిగా వస్తోందంటే లోపం మన చేతిలో లేదు, వాళ్ల బర్నరు మంట మన స్టవ్‌కి రాదు, కాబట్టి కొంచెం కొంచెంగా వేయించుకోవాలి. వీడియో ఒకసారి మొత్తం చూసి, ముందే ఉడికించి పెట్టుకున్నవి ఏవేవో రాసుకుని, వాటి టైము కూడా కలుపుకుని అప్పుడు పొయ్యి వెలిగించండి. దమ్ బిర్యానీని మాత్రం మొదటిసారి చుట్టాలొచ్చే రోజు పెట్టుకోవద్దు. ఆ రోజుకి పులిహోర చేయండి.